పాత తొట్టి – గూడు బండి
(మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



అరకులో శుక్రవారం సంత. పసుపు, అల్లం, పిప్పళ్లు, రాజ్మా, కొండ చీపుర్లు మోసుకుని పై ఊళ్ల ఆడవాళ్లు ముందు రోజు సాయంత్రానికే దిగుతారు. రాత్రి ఎక్కడ పడుకోవాల? కొట్టు అరుగు మీదో, చెట్టు కిందో. అరకులోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. పుష్యమాసం చలి మీకు నేను చెప్పాలా? చలి ఒక్కటే కాదు, భయం కూడా. అందుకే ఈ రోజు గూడు బండి గురించి మాట్లాడుకుందాం.

గూడు బండి మనకు కొత్త కాదు. మేడారం జాతరకు ఎడ్లబండ్ల మీద గూడు కట్టుకుని వెళ్లి, అక్కడే వండుకుని, అందులోనే పడుకున్న కుటుంబాలు ఎన్నో. 1885లో ఇంగ్లండులో గార్డన్ స్టేబుల్స్ అనే వైద్యుడు గుర్రాలు లాగే బండి ఇల్లు చేయించుకుని దేశం తిరిగాడు. మనకు అంత గొప్పది వద్దు. పాత ట్రాక్టరు తొట్టి చాలు.

"తొట్టిలో పడుకోడమేటి?" అంటారు కొందరు. లెక్క వేద్దాం. తొట్టి సుమారు 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఉందనుకోండి. అడ్డంగా పడుకుంటే ఒక మనిషికి 2 అడుగులు కావాలి. సామానుకు 2 అడుగులు వదిలితే మిగిలేది 8 అడుగులు. ఎనిమిదిని రెండుతో భాగించండి. నలుగురు పడుకోవచ్చు.

కొనే ముందు కాగితాలు చూడండి. తొట్టికి కూడా ఆర్.సి. ఉంటుంది. అందులోని నంబరు, తొట్టి మీది నంబరు ఒకటేనా? అమ్మేవాని పేరే ఉందా? పేరు మార్పుకు 29, 30 నంబరు ఫారాలు ఉంటాయి. ఖాళీ ఫారం మీద సంతకం చెయ్యొద్దు. చదివాకే చెయ్యండి. మనం చదువు నేర్చుకున్నది ఇందుకే.

తర్వాత ఇనుము చూడండి. సుత్తితో అడుగు భాగం తట్టండి. తుప్పు పట్టినచోట పొరలు రాలతాయి. టైర్లు, హుక్కు, దాని పిన్ను చూడండి. పురుగుమందులు మోసిన తొట్టి అయితే వదిలేయండి. ఆ విషం కడిగినా పూర్తిగా పోతుందని నమ్మలేం.

గూడుకు ముదురు వెదురు తీసుకోండి. కొన్ని వారాలు నీళ్లలో నానబెడితే పురుగు తక్కువ పడుతుంది. దబ్బలుగా చీల్చి, విల్లులా వంచి, పైన టార్పాలిన్ కట్టండి. అంచులు ఒక అడుగు కిందికి వేలాడాలి. అప్పుడే వాన లోపలికి రాదు. ఇనుప నేల ఒంటి వేడిని లాగేస్తుంది. చెక్క పలకలు పరిచి, గడ్డి, చాప వేయండి. తలుపుకు లోపల గడియ తప్పనిసరి.

గూడు విప్పి పెట్టుకునేలా కట్టండి. సంత లేని రోజుల్లో తొట్టి సామాను మోస్తుంది. బండి రూపు శాశ్వతంగా మార్చాలంటే రవాణా శాఖ అనుమతి కావాలి.

ఇప్పుడు మూడు ప్రాణాపాయాలు చెబుతాను. బాగా వినండి.

ఒకటి. రెండు చక్రాల తొట్టి నుంచి ట్రాక్టరు విప్పేశాక, జనం వెనక కూర్చుంటే ముందు భాగం పైకి లేస్తుంది. బండి బోల్తా కొడుతుంది. ముందు స్టాండు వేస్తే సరిపోదు. వెనక రెండు మూలలా గట్టి దిమ్మలు పెట్టాల. నేల చదునుగా ఉండాల. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాల.

రెండు. చలి అని లోపల కుంపటి పెట్టొద్దు. మూసిన గూడులో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉంటుంది. నిద్రలో ఉన్నవాళ్లకు అదీ తెలియదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. వంట బయటే. చలిమంట బయటే. లోపల దుప్పట్లు కప్పుకోండి. ముందూ వెనకా గాలి ఆడే సందులు వదలండి. ఎవరికైనా తల తిరిగితే వెంటనే బయటికి తెచ్చి, 108కి ఫోన్ చెయ్యండి.

మూడు. బండి కదిలేటప్పుడు లోపల ఎవరూ ఉండకూడదు. ఘాట్ రోడ్డు మలుపులో తొట్టి పల్టీ కొడితే పట్టుకోడానికి ఏమీ ఉండదు. సామాను తొట్టిలో, మనుషులు బస్సులో. పిల్లలు ఏడ్చినా ఈ మాట మార్చకండి.

"ఇంత డబ్బు ఎలాగమ్మా?" అని అడుగుతారు. ఒక్కరి వల్ల కాదు. సంఘం వల్ల అవుతుంది. తొట్టి ధర, వెదురు, టార్పాలిన్, చెక్కలు, ఏటా మరమ్మతు అన్నీ ఒక పుస్తకంలో రాయండి. కూడితే ఎంత? ఒక్కొక్కరికి ఎంత? ఎవరు ఏ వారం వాడుకుంటారు? తాళం చెవి ఎవరి దగ్గర? సంత దగ్గర బండి పెట్టే చోటుకు పంచాయతీని అడగండి. అర్జీ మీరే రాయండి.

గూడు చిన్నదే. కానీ రాత్రి నిర్భయంగా పడుకున్న మనిషి తెల్లవారి సంతలో గట్టిగా బేరం ఆడగలదు. సరుకు అయినకాడికి అమ్ముకుని పరుగెత్తక్కర్లేదు.

సెలవు.

చదివారు కదా, చెప్పండి:
1. తొట్టి 12 అడుగుల పొడవుంటే, సామానుకు 2 అడుగులు వదిలాక ఎంతమంది పడుకోవచ్చు?
2. మూసిన గూడులో కుంపటి ఎందుకు పెట్టకూడదు?
3. బండి పెట్టుకునే చోటు కోసం మీ పంచాయతీకి అర్జీ రాయండి.