బిడ్డ పేరు మీద కాదు, బిడ్డ కోసం



బుద్ధి ఎదగని బిడ్డను సాకుతున్న తల్లిని పలకరించి చూడండి. "నాకంటే ఒక్కరోజు ముందు వాణ్ణి తీసుకుపొమ్మని దేవునికి మొక్కుకుంటున్న వదినె" అంటుంది. నల్లగొండ దిక్కునా, పాలమూరు దిక్కునా ఈ మాట నేను చాలా ఇళ్లల్లో విన్నాను. కన్నతల్లి నోట రావలసిన మాటేనా? ఆ మాట వెనక ఉన్నది ఒకటే భయం: మేము పోయినంక వీణ్ణి ఎవరు చూస్తారు? ఆ భయాన్ని పూర్తిగా పోగొట్టే మందు ఏదీ లేదు గాని, కొంత తగ్గించే కాగితం ఒకటి ఉన్నది. దాని పేరే ట్రస్టు.

ట్రస్టు అనగానే అది కోటీశ్వరుల వ్యవహారం అనుకుంటారు. కాదు. ఒకరి మేలు కోసం ఆస్తిని ఇంకొకరి చేతిలో పెట్టి, దాన్ని ఎట్లా ఖర్చు చేయాలో రాసి ఇవ్వడమే ట్రస్టు. 1882 నాటి చట్టం ఇది. ఎకరం చెలక, ఇంటి జాగ, బ్యాంకులో దాచిన లక్ష రూపాయలు, ఏదైనా చాలు.

మన ఇళ్లల్లో ఇప్పుడు జరుగుతున్నదేమిటి? ఎక్కువమంది పెద్దకొడుకు పేర పట్టా చేసి "తమ్ముణ్ణి చూసుకో బిడ్డా" అంటారు. కొడుకు మంచివాడే అనుకుందాం. పాలమూరులో బోరు వేస్తే నీళ్లు పడవు, అప్పు మిగులుతుంది. ఆ మీదట కూతురి పెండ్లి. అప్పులవాళ్లు భూమి మీదికి వస్తారు. పట్టా అతనిదే గనుక తమ్ముడి కోసం ఇచ్చిన భూమి కూడా ఆ బాకీలో పోతుంది. ఇందులో దుర్మార్గుడు ఎవరూ లేరు, చూశారా! ఇంకొందరు నేరుగా ఆ బిడ్డ పేరనే రాస్తారు. వాడికి లెక్క తెలియదు. ఎవరో మిఠాయి పెట్టి వేలిముద్ర వేయించుకుంటే అడిగేవాళ్లెవరు?

ట్రస్టులో పెట్టిన ఆస్తి కాగితం మీద ట్రస్టీల పేర ఉన్నా, అనుభవం ఆ బిడ్డదే. ట్రస్టీ సొంత అప్పుకు అది జవాబుదారీ కాదు. ట్రస్టీ దాన్ని సొంతానికి వాడుకోకూడదు, తానే కొనుక్కోకూడదు. లెక్క అడిగితే చూపించాలి. భూమి గాని ఇల్లు గాని పెడితే పత్రం రాసి రిజిస్టరు చేయించాలి, లేదా వీలునామాలో రాయాలి. వీలునామాను మనం బతికున్నన్నాళ్లు మార్చుకోవచ్చు. ట్రస్టు పత్రం అట్లా కాదు. రద్దు చేసుకునే హక్కు ముందే అందులో రాసుకోకపోతే తరువాత వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. నన్నడిగితే, ఇప్పుడు కొద్ది డబ్బుతో ట్రస్టు మొదలుపెట్టి, మిగతా ఆస్తి మన తదనంతరం అందులో చేరేటట్టు వీలునామా రాయడం మేలు. ఆస్తి పొందేవాళ్లను ఆ వీలునామాకు సాక్షులుగా పెట్టకండి.

ట్రస్టీలుగా ఎవరిని పెట్టాలి? ఒక్కరినే పెట్టవద్దు. తండ్రి వైపు ఒకరు, మేనమామ వైపు ఒకరు, వయసులో చిన్నవాళ్లు ఒకరు ఉంటే బాగుంటుంది. వారిలో ఒకరు పోతే కొత్తవారిని ఎవరు నియమించాలో కూడా రాయాలి. ఇంకొక మాట, చెప్పడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంది. బిడ్డ తరువాత మిగిలిన ఆస్తి ఎవరికి పోతుందో, వాళ్ల ఒక్కరి చేతిలోనే సంచి పెట్టకండి. మందులకు పెట్టిన ప్రతి రూపాయీ తమకు తగ్గిన రూపాయిగా కనిపిస్తే, అది మనిషి బలహీనతే.

డబ్బు సంగతి ఇది. ఇక మనిషి సంగతి. పద్దెనిమిదేళ్లు నిండితే చట్టం దృష్టిలో బిడ్డ పెద్దవాడు, తల్లిదండ్రులు కూడా వాడి తరపున సంతకం పెట్టలేరు. అందుకే 1999లో నేషనల్ ట్రస్టు చట్టం వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే లోకల్ లెవల్ కమిటీకి దరఖాస్తు పెడితే గార్డియన్‌ను నియమిస్తారు. ఆయన ఆరు నెలల్లో బిడ్డ ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటేటా లెక్క ఒప్పజెప్పాలి. సరిగ్గా చూడకపోతే తొలగించమని బంధువులు అడగవచ్చు. 2016లో జిల్లాలు విడిపోయాయి గదా. సూర్యాపేట వాళ్లు సూర్యాపేటలోనే, వనపర్తి వాళ్లు వనపర్తిలోనే అడగాలి, పాత జిల్లా కేంద్రానికి తిరగనక్కరలేదు.

మర్రిగూడ వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయినవాళ్ల సంగతి వేరు. వాళ్ల బుద్ధికి ఏ లోటూ లేదు. వాళ్లకు గార్డియన్ ఎందుకు? నడుం వంగిందని నోరు కూడా నొక్కేస్తామా? వాళ్ల కోసం ట్రస్టు పెట్టాలంటే వాళ్లనే పక్కన కూర్చోబెట్టుకుని రాయించాలి.

అమెరికాలో ఇటువంటి మనుమడో మనుమరాలో ఉన్న అమ్మమ్మలకూ ఒక మాట. ప్రేమకొద్దీ నేరుగా ఆ బిడ్డ పేర వాటా రాయకండి. అక్కడ బిడ్డ చేతిలో రెండువేల డాలర్లు దాటితే సర్కారు ఇచ్చే నెలసరి సాయం ఆగిపోవచ్చు. అందుకే వాళ్లకు ప్రత్యేక ట్రస్టులు ఉన్నాయి. ముందు కొడుకునో కూతురునో అడిగి రాయండి.

సర్కారు పెన్షన్‌ను వదులుకోకండి. మన రాష్ట్రంలో వికలాంగుల పెన్షన్ 2023లో 4,016 రూపాయలు చేశారు. ఇంటాయన సర్కారు నౌకరైతే కుటుంబ పెన్షన్ కోసం బిడ్డ పేరును ఇప్పుడే కాగితాల్లో ఎక్కించండి. పన్ను కట్టేవాళ్లకు ఇటువంటి బిడ్డ కోసం తీసుకునే బీమాపై రాయితీ ఉన్నది. మునుపు తల్లో తండ్రో పోతేనే బిడ్డకు డబ్బు అందాలన్న షరతు ఉండేది. 2022లో దాన్ని సడలించారు. అరవై ఏళ్లు నిండినంక, కిస్తులు కట్టడం ఆపినంక, మనం బతికుండగానే బిడ్డకు అందవచ్చు.

పత్రం వకీలు రాస్తాడు. వకీలు రాయలేనిది ఒకటుంది, అది మీరే రాయాలి. చదువు రాకపోతే బడికి పోయే పిల్లలతో రాయించండి. వాడు గట్క తింటాడా, రొట్టెను పాలల్లో నానబెట్టాలా? మూర్ఛ వస్తే ఏ మందు, ఎంత? ఉరిమితే ఎవరి కొంగు పట్టుకుంటాడు? ఏ పేరుతో పిలిస్తే పలుకుతాడు? ఒక నోటుబుక్కులో ఇవన్నీ రాసి, ట్రస్టు పత్రం నకలు అందులోనే పెట్టి, ఒకటి మీ ఇంట్లో, ఒకటి మేనమామ ఇంట్లో ఉంచండి. ఏడాదికొకసారి, వాడు పుట్టిన రోజున, తీసి చూసి మారినవి దిద్దండి.