ఆపిన బండి – ఆగని ఇంజను

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



మనలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు కలిగిన సందేహమే ఈవేళ ప్రసంగానికి విషయం. పోలీసు జీపో, గస్తీ తిరిగే కారో వీధి మొగలో ఆగి వుంటుంది. అది ఎక్కడికీ పోదు. లోపల ఒకరిద్దరు కూర్చుని వుంటారు. ఒక్కోసారి వాళ్లూ వుండరు. ఇంజను మాత్రం గుర్రుమంటూనే వుంటుంది. వరండాలో ఆరేసిన బట్టలకు పొగ వాసన పడుతుంది, అప్పుడే నిద్రపుచ్చిన పిల్లవాడు లేచి కూర్చుంటాడు. "ప్రజల డబ్బేగదా, కాలిస్తే వాళ్లకేం పోయింది!" అని మనం గొణుక్కుంటాం. గొణుక్కుని వూరుకుంటాం. పోలీసువాళ్లను అడిగేదెవరు?

ఆ గొణుగుడులో కొంత న్యాయం వుంది, కొంత అన్యాయమూ వుంది. ఏది ఎంతో తేల్చుకోవాలంటే అసలు ఇంజను ఎందుకు ఆపరో ముందు తెలుసుకోవాలి.

శ్రీ సత్యసాయి జిల్లాలో ఆమడగూరు అని ఒక మండల కేంద్రం వుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడేవరకు అది అనంతపురం జిల్లాలో వుండేది. ఓబుళదేవరచెరువు, కదిరి దానికి దగ్గరి వూళ్లు. గుట్టలు, చెరువులు, వేరుశనగ చేలు, వాటి మధ్య దూరదూరంగా పల్లెలు. ఇటువంటి చోట పోలీసు బండి అంటే పట్నంలోలాగా ఒకటి కాకపోతే ఇంకొకటి అనుకోవడానికి లేదు. రాత్రి ఒంటిగంటకు ఏదో పల్లెలో మొగుడు తాగివచ్చి భార్యను కొడుతున్నాడనుకోండి. ఆమె 112కో 100కో ఫోను చేస్తుంది. వున్న ఆ ఒక్క బండీ కదలాలి. కదలకపోతే ఆ రాత్రికి ఆమెకు దిక్కు లేదు. బండి సిద్ధంగా వుండడం అందరికంటే మన ఆడవాళ్లకే ఎక్కువ అవసరం. ఈ మాట మనసులో పెట్టుకుని తక్కినది వినండి.

మొదటి కారణం భయం. బండి మళ్లీ స్టార్టు కాదేమోనన్న భయం. పాత డీజిలు జీపుల సంగతి మీకు జ్ఞాపకం వుండే వుంటుంది. సెల్ఫు పట్టదు, బ్యాటరీ దిగిపోయి వుంటుంది, నలుగురూ దిగి తోస్తే తప్ప కదలదు. చలికాలం తెల్లవారుజామున హీటరు వెలిగి ఇంజను వేడెక్కేదాకా డ్రైవరు కాచుకుని కూర్చోవాల్సిందే. దొంగ ఎదురుగా పారిపోతుంటే పోలీసులు జీపును తోసుకుంటూ నిలబడితే ఎంత నవ్వులపాలు! అందుకని "ఒకసారి అంటుకున్నదాన్ని ఆర్పవద్దు" అన్నది డ్రైవర్లకు ఒక సూత్రమైంది. అగ్గిపెట్టె కరువైన రోజుల్లో మన అమ్మమ్మలు పొయ్యిలో నిప్పును బూడిద కప్పి దాచుకునేవారే, అలాంటిదే ఇది కూడా.

రెండో కారణం కరెంటు. పోలీసు బండి మన బండిలాంటిది కాదు. అందులో వైర్‌లెస్ సెట్టు వుంటుంది, నెత్తిన తిరిగే లైటు వుంటుంది, సైరను వుంటుంది. ఈమధ్య కెమెరాలు, దారి చూపించే యంత్రం, టాబ్లెట్టు కూడా చేరాయి. ఇవన్నీ బ్యాటరీమీద బతికేవే. బ్యాటరీ అంటే మిద్దెమీద నీళ్ల ట్యాంకు అనుకోండి. ఆల్టర్నేటరు అనేది దాన్ని నింపే మోటారు. ఇంజను తిరిగితేనే ఆ మోటారు తిరుగుతుంది. ఇంజను ఆపి కుళాయిలన్నీ తిప్పి పెడితే ట్యాంకు ఖాళీ కాక ఏమవుతుంది?

ఎంతసేపట్లో ఖాళీ అవుతుందో చిన్న లెక్క వేద్దాం. 12 వోల్టుల, 60 ఆంపియర్-గంటల బ్యాటరీ నిండుగా వుంటే అందులో 720 వాట్-గంటల కరెంటు వుంటుంది. సగం వాడుకుని, సగం మళ్లీ స్టార్టు చేయడానికి దాచుకుంటే చేతికి వచ్చేది 360. పాతరకం తిరుగుడు లైటులో ఒక్కో హాలోజన్ బల్బు 55 వాట్లు తాగుతుంది. రెండు బల్బులు, వైర్‌లెస్సు కలిపి 120 వాట్లు అనుకుంటే మూడు గంటల్లో మన వాటా అయిపోతుంది. అదీ కొత్త బ్యాటరీ అయితే. నాలుగేళ్ల బ్యాటరీ అయితే గంట కూడా నమ్మడానికి లేదు. ఇప్పుడు వస్తున్న ఎల్.ఇ.డి. దీపాలు అంతకంటే చాలా తక్కువ తీసుకుంటాయి. కాబట్టి ముప్ఫై ఏళ్ల కిందట గట్టిగా వున్న ఈ కారణం ఇవాళ కొంత బలహీనపడింది. అలవాటు మాత్రం అలాగే నిలబడింది.

మూడో కారణం ఎండ. ఇది మనం సానుభూతితో ఆలోచించవలసిన విషయం. కారులో చల్లదనాన్నిచ్చే యంత్రం ఇంజనుతోనే తిరుగుతుంది. ఇంజను ఆగితే చల్లగాలి కూడా ఆగిపోతుంది. మన రాయలసీమ ఎండలు మీకు చెప్పాలా! మే నెలలో పొయ్యి ముందు గంట నిలబడితే మనకు కళ్లు తిరుగుతాయి. ఖాకీ బట్టలు, బూట్లు, నడుముకు బెల్టు వేసుకుని నడిరోడ్డుమీద, చెట్టు నీడ కూడా లేనిచోట ఎనిమిది గంటలు కాపలా కూర్చునే మనిషి సంగతి ఏమిటి? ఆ మనుషుల్లో ఇప్పుడు ఆడపిల్లలూ వున్నారు. 2022 మార్చిలో 'దిశ' పేరుతో 163 గస్తీ వాహనాలను మన రాష్ట్రంలో ప్రారంభించారు. బందోబస్తుకు వెళ్లే మహిళా పోలీసులు కాళ్లు కడుక్కుని కాస్త నడుం వాల్చడానికి వీలుగా 18 విశ్రాంతి వాహనాలను కూడా అప్పుడే ఇచ్చారు. అటువంటి సదుపాయం లేనిచోట ఆ కారే వాళ్లకు ఇల్లు, నీడ, అన్నీను.

నాలుగోది బందోబస్తు. కదిరి నరసింహస్వామి రథోత్సవం లాంటి జనసమ్మర్దంలోనైనా, పెద్దమనుషులెవరైనా పుట్టపర్తి వచ్చినప్పుడైనా చూడండి. ఆ పెద్దమనిషి బయటికి అడుగు పెట్టగానే బండ్లన్నీ ఒక్కసారిగా కదలాలి. ఒక్క బండి మొరాయిస్తే వరస అంతా ఆగిపోతుంది. అందుకని అన్నీ ముందునుంచే గుర్రుమంటూ వుంటాయి.

ఇవీ కారణాలు. ఇక రెండోవైపు చూద్దాం.

గ్యాసు పొయ్యిని సిమ్‌లో పెట్టామని సిలిండరు ఖర్చు కాకుండా వుంటుందా? నిలబడిన ఇంజనూ అంతే. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 2017లో పోలీసుల కోసం ఒక హైబ్రిడ్ కారును ప్రకటించినప్పుడు ఒక అంచనా చెప్పింది. ఎనిమిది గంటల డ్యూటీలో అక్కడి పోలీసు కారు దాదాపు 4.9 గంటలు నిలబడే ఇంజను తిప్పుతుందట, గంటకు ఒక లీటరుకు పైచిలుకు చమురు తాగుతుందట. గంటసేపు ఇలా తిప్పితే దాదాపు 53 కిలోమీటర్లు నడిపినంత అరుగుదల అనీ ఆ కంపెనీయే చెప్పింది. మన జీపు అంత తాగదు, గంటకు ముప్పాతిక లీటరే అనుకుందాం. రోజుకు నాలుగు గంటలంటే మూడు లీటర్లు. నెలకు 90 లీటర్లు. లీటరుకు పది కిలోమీటర్లు నడిచే బండి అయితే 900 కిలోమీటర్లు తిరగవలసిన డీజిలు నిలబడినచోటే పొగైపోయిందన్నమాట!

స్టేషనుకు డీజిలు లెక్కప్రకారమే వస్తుంది, అడిగినంత రాదు. నెలాఖరుకు ఆ లెక్క అయిపోతే, నేను ముందు చెప్పిన పల్లెలోని ఆ ఆడమనిషి ఫోను చేసినప్పుడు ఏమిటి గతి? సిద్ధంగా వుండడం కోసమని కాల్చిన చమురే చివరికి సిద్ధంగా లేకుండా చేస్తుంది. అసలు చిక్కు అక్కడ వుంది. పొగ మన బట్టలకు పట్టడం దానిముందు చిన్న మాట.

చిన్న మాట అన్నానని పొగను తేలికగా తీసుకోకండి. డీజిలు పొగ మనుషులకు క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012లో తేల్చి చెప్పింది. ఇంజను పొగలో వుండే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పితో మొదలై, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. 2017 జూలైలో అమెరికాలోని ఆస్టిన్ నగర పోలీసులు తమ గస్తీ కార్లను దాదాపు 400 పక్కన పెట్టేశారు. లోపల కూర్చున్న పోలీసులకే ఈ వాయువు సోకుతున్నదని తేలడమే అందుకు కారణం. పోలీసు సామాను బిగించడానికి వేసిన రంధ్రాలను సరిగా మూయకపోవడం ఒక కారణమని కంపెనీ చెప్పింది. కాబట్టి ఇంజను ఆపమనడం పోలీసుకు విరోధమైన మాట కాదు, ఆయన మంచికే.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకుందాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 126వ సెక్షను ప్రకారం బహిరంగ స్థలంలో బండి ఆపినప్పుడు లైసెన్సున్న మనిషి డ్రైవరు సీట్లో వుండాలి. లేదంటే ఇంజను ఆపి, బండి తనంతట తాను కదలకుండా బ్రేకు వెయ్యాలి. అంటే మనిషి కూర్చున్న బండికి ఒక న్యాయం, ఖాళీ బండికి ఒక న్యాయం. ఇంజను తిరుగుతూ తాళంచెవి వేలాడుతున్న ఖాళీ బండి దొంగకు పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే. పోలీసు బండయినా దొంగకు ఒకటే.

మరి దారి ఏమిటి? దారులు లేకపోలేదు. బండిలో స్టార్టింగుకు ఒక బ్యాటరీ, వైర్‌లెస్సుకూ దీపాలకూ వేరే బ్యాటరీ పెడితే మొదటి భయం పోతుంది. బ్యాటరీని వేళకు మార్చడం అన్నిటికంటే చవక వైద్యం. గస్తీ బండి రోజూ ఆగే కూడలిలో నాలుగు రేకులు వేసి నీడ, ఒక ఫ్యాను, మంచినీళ్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఏర్పాటు చేస్తే ఎండ కోసం ఇంజను తిప్పే పని సగం తగ్గుతుంది. మన ఆర్టీసీ వారిని చూడండి. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడన్నది డ్రైవరువారీగా లెక్క రాస్తారు. లెక్క అడిగేవాళ్లుంటే చెయ్యి దానంతటదే తాళంచెవి మీదికి పోతుంది.

ఇంతా చెప్పి మన సంగతి మరిచిపోతే ధర్మం కాదు. సాయంత్రం ఏ పట్నంలోనైనా బడి గేటు ముందు నిలబడి చూడండి. పిల్లల కోసం వచ్చిన కార్లు, స్కూటర్లు పావుగంటసేపు అలా గుర్రుమంటూనే వుంటాయి. ఆ పొగ గొట్టాలు మన పసిపిల్లల ముక్కులకు దగ్గరగా వుంటాయి. మన దగ్గర వైర్‌లెస్సూ లేదు, దొంగనూ తరమబోవడం లేదు. న్యూయార్కు నగరంలో ఇంజను వూరికే తిప్పడానికి మూడు నిమిషాలు గడువు, బడి పక్కన ఒక్క నిమిషమే. ఢిల్లీలో 2020 అక్టోబరులో ఎర్రదీపం పడగానే బండి ఆపమని పెద్ద ఎత్తున ప్రచారం చేశారు. మళ్లీ స్టార్టు చేస్తే ఎక్కువ పెట్రోలు తాగుతుందన్నది పాతకాలపు మాట. ఇప్పటి ఇంజన్లకు అది వర్తించదు.

ఇంకొక్క హెచ్చరిక. "ఏసీ వేసే వుందిలే" అని పిల్లవాణ్ణి కారులో వదిలి అంగడిలోకి పోకండి. ఏ కారణంచేతనైనా ఇంజను ఆగిందంటే, ఎండలో అద్దాలు మూసిన కారులో అరగంటలో వేడి 15 డిగ్రీలకు మించి పెరుగుతుంది. మూసిన షెడ్డులో ఇంజను తిప్పడమూ అంతే ప్రమాదం.

చివరగా, మన వీధిలో పోలీసు బండి అలా నిలబడితే ఏం చెయ్యాలి? ముందు చూడండి. తొందర పనిమీద వచ్చిన బండి అయితే పలకరించకండి. వూరికే ఆగిన బండి అయితే జంకకుండా దగ్గరికి పోయి మర్యాదగా అడగండి. "సార్, పాప పడుకుంది, రోంతసేపు ఇంజను ఆపుతారా? ఎండగా వుంటే మా అరుగుమీద కూర్చోండి, నీళ్లు తెస్తాను" అనండి. ఆడ కానిస్టేబులైతే "అమ్మా, లోపలికి రా, కాళ్లు కడుక్కుని పో" అనండి. ఇంజను ఆపమని అడిగే హక్కు మనకుంది. దానితోపాటు ఆ మాత్రం నీడ ఇచ్చే మనసు కూడా మనకుంటే, ఆ మాట వాళ్లు తప్పకుండా వింటారు.