శునక సంతతిలో తల్లిదండ్రుల పాలు

  

మన గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున నన్ను గూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. భారత భాగవతములను గూర్చి చెప్పుదునని తలంచినవారికి శునకములను గూర్చి ప్రసంగించుట వింతగా దోపవచ్చును. కాని ఈ శ్రీహరికోట ప్రాంతమున మేకలమందకైనను, తోటకైనను కుక్కయే కావలి. నిత్యము మనకు ఉపకారము చేయు ప్రాణిని గూర్చి నిజము తెలిసికొనుట చదువునకు వెలియైన పని కాదు.

మనలో నొక నమ్మకము నాటుకొని యున్నది. పిల్ల మంచిదైనచో తండ్రి ఘనత. చెడ్డదైనచో తల్లి దోషము. మేలుజాతి మగకుక్క కొఱకు ఊళ్లు తిరిగి రూకలు పోయుదుము. చూలుతో నున్న ఆడుకుక్కకు గంజిమెతుకులు గూడ లెక్కజూచి వేయుదుము. ఈనిన పిల్లలలో మగవానిని ఏరుకొని, ఆడువానిని చెఱువుగట్టున విడిచివత్తుము. లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గలవాడను గనుక, ఈ లెక్క తప్పని చూపుటకు సాహసించుచున్నాను.

బీజము ప్రధానమా, క్షేత్రము ప్రధానమా యను వాదము క్రొత్తది కాదు. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున నిది చర్చింపబడినది. బీజమునకే అధిక్యము చెప్పుచును, రెండును సమానమైన చోట సంతతి ప్రశస్తమగునని గూడ అందు గలదు. ఇక కుక్కకు సంస్కృతమున గల పేరు సారమేయము. అనగా సరమ బిడ్డ. అది తల్లిపేరు. నన్నయభట్టారకుని ఆదిపర్వారంభమున, జనమేజయుని యాగభూమిలో దెబ్బలు తిన్న బిడ్డకొఱకు రాజును నిలదీసినది ఆ తల్లియే.

నేటి శాస్త్రమేమనుచున్నది? కుక్క శరీరకణమున 78 క్రోమోసోములు గలవు. తండ్రి నుండి 39, తల్లి నుండి 39. ఇంతవరకు జమలు సమానము. పిల్ల ఆడో మగో నిర్ణయించునది తండ్రి బీజము. కావున ఆడుపిల్లలను ఈనినదని తల్లిని నిందించుట అన్యాయము. కణమునకు శక్తినిచ్చు మైటోకాండ్రియాల వారసత్వము మాత్రము తల్లినుండియే సంక్రమించును.

తల్లి ఇచ్చునది అంతటితో ముగియదు. సుమారు 63 దినములు గర్భమున మోయునది తల్లి. గర్భము యొక్క ప్రభావమెంతటిదో 1938లో వాల్టన్, హామండ్ అను శాస్త్రజ్ఞులు గుఱ్ఱములయందు చూపిరి. మహాకాయమైన షైర్ జాతిని, పొట్టి షెట్లాండ్ జాతిని ఇరువైపులను మార్చి సంకరము చేయగా, షైర్ తల్లికి బుట్టిన పిల్ల షెట్లాండ్ తల్లికి బుట్టినదానికి దాదాపు మూడురెట్లు తూగినది. రెండు జాతుల సంకరము ఒక్కటే, మారినది గర్భము.

పుట్టిన మొదటి దినమున త్రాగు ముఱ్ఱుపాలనుండియే పిల్లకు రోగనిరోధకశక్తి చాలవఱకు లభించును. పిదప తల్లి చెంతనే అది కఱచుటకు హద్దు, భయమునకు హద్దు నేర్చుకొనును. పిల్ల స్వభావము కుదురుటకు మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వఱకు గల కాలము కీలకమని స్కాట్, ఫుల్లర్ అనువారు 1965లో ప్రకటించిన గ్రంథమున వివరించిరి. ఇరువది దినముల పిల్లను తల్లినుండి లాగికొనివచ్చి, పిమ్మట పిఱికిదైనదని వగచిన నేమి లాభము?

మఱి తండ్రియే ఘనుడని ఏల తోచును? ఒక మగకుక్క ఏడాదిలో ఎన్నో ఈతలకు తండ్రి కాగలదు. ఆడుకుక్క ఒకటి రెండు మార్లే ఈనును. మగదాని పోలిక ఊరంతట కనబడును. అది సంఖ్యవలన గల్గిన పేరు. ఒక్కొక్క పిల్లలో దాని భాగము సగమే. దోషములును అట్టివే. చూపు క్రమముగా పోవు వ్యాధి కొన్ని జాతులలో ఇరువైపుల దోషాంశము కలిసిననే బయల్పడును. పైకి ఆరోగ్యముగా నుండియు దానిని లోన దాచుకొన్న జంటకు, సగటున నలుగురు పిల్లలలో నొకటి రోగి, రెండు దోషవాహకములు, ఒకటి నిర్దోషి యగును. ఒక్క తల్లిని వెళ్లగొట్టిన ఆ ఋణము తీఱదు.

అన్నిటికంటె క్రూరమైన అపోహ మఱియొకటి గలదు. ఒకమారు వీధికుక్కతో కలిసిన మేలుజాతి ఆడుకుక్క శాశ్వతముగా చెడినదనియు, తరువాతి ఈతలలో గూడ ఆ పోలిక వచ్చుననియు చెప్పి దానిని తఱిమివేయుదురు. ఈ భ్రమ మనకే పరిమితము కాదు. బ్రిటనున మోర్టన్ ప్రభువు ఆడుగుఱ్ఱము క్వాగా యను చారలమృగముతో కలిసిన పిదప, గుఱ్ఱమువలన గన్న పిల్లలకును చారలు వచ్చినవని 19వ శతాబ్దమంతయు పండితులు నమ్మిరి. శతాబ్దాంతమున యూవర్ట్ అను ఆచార్యుడు జీబ్రాలతో పరీక్షించి, అందుకు ఆధారము లేదని తేల్చెను. ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలుండవచ్చును. అది వేఱు విషయము. గడచిన ఈత తండ్రి రాబోవు ఈతకు వారసుడు కాడు.

మన తెలుగువారికి జాగిలముల యెడ మక్కువ లేకపోలేదు. తమిళనాట స్థిరపడిన తెలుగు రాజులు పెంచిన రాజపాళెపు తెల్లజాగిలము 2005లో తపాలాబిళ్లపై కెక్కినది. కొల్లేటి తీరమున బాతులమందలను కాచిన జోనంగి జాగిలము నేడు అరుదైనది. ఆడుపిల్లలను పాఱవైచి ఏ జాతిని నిలుపుకొనగలము?

కావున నా విన్నపము మూడు మాటలు. తండ్రిని ఎంచునపుడు తల్లిని గూడ ఎంచుడు. చూలుదానికి కడుపునిండ పెట్టుడు. ఎనిమిది వారములైనను నిండక పిల్లను వేఱుచేయకుడు. ఇట్టి సంగతులు చదివి తర్కించుకొనుటకు తావొసగిన ఈ గ్రంథాలయము శతవార్షికోత్సవము జరుపుకొనుగాక యని కోరుచు సెలవు గైకొనుచున్నాను.