సంతకం ఎవరిది?

(కనకమ్మ సత్రంలో జరిగిన మన సహవాస సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఊరి పేరులోనే సత్రం ఉంది. సత్రం అంటే మనందరికీ తెలుసు. దారిన పోయే మనిషి ఎవరో, ఏ కులమో, చేతిలో ఎంత ఉందో అడగకుండా తల దాచుకోనిచ్చే చోటు. దాన్ని కట్టేవాళ్ళు రాబోయే మనిషి ముఖం చూసి కట్టరు. వాడు వస్తాడు, వాడి దగ్గర డబ్బుండదు అని ముందే అనుకుని కడతారు. ఈ రోజు నాకిచ్చిన అంశం పిల్లల కోసం మందులు, టీకాలు తయారు చేయించే లాభాపేక్ష లేని సంస్థల నాయకత్వం. సత్రం కట్టేవాడి ఆలోచనకూ దీనికీ సంబంధం ఉంది.

నేను డాక్టరును కాను. కొన్నేళ్ళు పిల్లల హాస్టల్లో వార్డెన్‌గా పని చేసినవాణ్ణి. ఆ సంగతి ఎందుకు చెప్పానో చివర్లో మీకే తెలుస్తుంది.

ముందు ఒక ప్రశ్న. పిల్లల జబ్బులకు మందులు ఎందుకు ఆలస్యంగా వస్తాయి? జబ్బు తెలియక కాదు. ఎక్కువగా ఆ జబ్బు పేద పిల్లలకు వస్తుంది కాబట్టి. కొనేవాడి చేతిలో డబ్బు లేకపోతే కంపెనీ ఆ మందు మీద కోట్లు పెట్టదు. ఇక్కడే ఈ సంస్థలు అడుగుపెడతాయి. దాతల దగ్గర, ప్రభుత్వాల దగ్గర డబ్బు తెచ్చి, పరిశోధన ఖర్చులో, పరీక్షల ఖర్చులో భారం మోస్తాయి. మోసేటప్పుడే కంపెనీతో ఒక మాట అంటాయి: మీ నష్టభయం మేము తగ్గిస్తాం, మీరు పేదవాడికి అందే ధరకు ఇవ్వాలి. ఆ మాట ఎప్పుడు అంటారు, ఎంత గట్టిగా అంటారు అన్నదే నాయకత్వం. మందు తయారయ్యాక ధర బతిమాలుకునేవాడు నాయకుడు కాడు, బిచ్చగాడు.

అమెరికాలోని సియాటిల్‌లో 1977లో మొదలైన పాత్ అనే సంస్థ ఈ పని చేసేవాటిలో పెద్దది. మన ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సమ్మ టీకా సీసా తీసి ముందు దాని మీద గుండ్రటి గుర్తు చూస్తుంది, గమనించారా? ఆ గుండ్రం లోపలి చదరం రంగు ముదిరితే సీసాకు వేడి తగిలిందని అర్థం, పక్కన పెట్టేస్తుంది. ఆ గుర్తు వెనక ఈ సంస్థ కృషి ఉంది. 1996 నుండి పోలియో చుక్కల సీసాలతో అది వాడుకలోకి వచ్చింది. కరెంటు ఉండీ లేని పల్లెలో, పెద్ద చదువు లేకపోయినా, కంటితో చూసి నిర్ణయం తీసుకునే అధికారాన్ని ఆ చిన్న గుర్తు ఇచ్చింది. ఎవరి చేతికి అధికారం వెళ్ళిందో చూడండి.

ఇప్పుడు మూడు సంగతులు చెబుతాను. మూడింటిలోనూ ఉన్నది ఇదే సంస్థ.

మొదటిది ఆఫ్రికాలో. అక్కడ మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు జ్వరం, ఏళ్ళకేళ్ళు పిల్లలనూ యువకులనూ తీసుకుపోయేది. 2001లో పాత్, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి టీకా పని మొదలుపెట్టాయి. దానికి నాయకుడు మార్క్ లాఫోర్స్ అనే డాక్టరు. ఆయన బృందం ముందుగా ఆఫ్రికా దేశాల ఆరోగ్య అధికారులను అడిగింది: మీరు ఎంత ధరకైతే కొనగలరు? అర డాలరు దాటితే మావల్ల కాదన్నారు. ఆ ధర దగ్గర గీత గీసి, ఆ గీత లోపల టీకా తయారు చేయగలవాళ్ళ కోసం వెదికారు. పెద్ద కంపెనీలతో కుదరలేదు. పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ ఒప్పుకుంది. 2010 డిసెంబరులో బుర్కినా ఫాసో దేశంలో ఆ టీకా వేయడం మొదలైంది. ముందు అడిగారు, తరువాత చేశారు. ఈ వరుస గుర్తుపెట్టుకోండి.

రెండోది మన ఇంటి దగ్గరిది. రోటావైరస్ విరేచనాలు. మన పల్లెల్లో దానికి ఆ పేరు లేదు. పళ్ళొచ్చే విరేచనాలు అన్నారు, దిష్టి అన్నారు, ఎండదెబ్బ అన్నారు. టీకా రాకముందు మన దేశంలో ఏటా సుమారు 78 వేల మంది అయిదేళ్ళలోపు పిల్లలు దీనివల్ల చనిపోయేవారని అంచనా. విదేశీ టీకాలు ఉండేవి. ప్రైవేటు ఆసుపత్రిలో ఒక్క డోసు వెయ్యి రూపాయల దరిదాపు. కూలికి పోయే తల్లికి అది ఉన్నా లేనట్టే.

1985 ప్రాంతంలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్, ఆయన సహచరులు ఒక వింత చూశారు. అక్కడ పుట్టిన పసికందులకు రోటావైరస్ సోకింది, కాని విరేచనాలు కాలేదు. పైగా తరువాత ఆ పిల్లలకు తీవ్రమైన జబ్బు రాకుండా అది కాపాడింది. ఆ వైరస్ రకానికి 116ఇ అని పేరు. దాని నుండే టీకా తయారైంది. తయారు చేసింది హైదరాబాదులోని భారత్ బయోటెక్. దాన్ని 1996లో స్థాపించిన కృష్ణ ఎల్లా గారు ఈ తిరుత్తణి ప్రాంతపు రైతు కుటుంబంలో పుట్టినవారు. భారత ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖ, అమెరికా శాస్త్రవేత్తలు, దాతల డబ్బుతో పాత్, అందరూ కలిసి దాదాపు మూడు దశాబ్దాలు నడిచారు. చివరి దశ పరీక్షల ఫలితం తేలకముందే, 2011లోనే, ప్రభుత్వ కార్యక్రమాలకు డోసు ఒక్క డాలరుకు ఇస్తామని కంపెనీ ప్రకటించింది. ధర ముందు, మందు తరువాత.

ఆ పరీక్షలు మూడు చోట్ల జరిగాయి. ఢిల్లీ, పుణే, మన పక్కనున్న వేలూరు. మొత్తం 6,799 మంది పసిపిల్లలు. వేలూరు అంటే ఐడా స్కడర్ అమ్మగారు 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆసుపత్రి. తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను మొదటి ఏడాదిలో ఈ టీకా సుమారు 56 శాతం తగ్గించింది. 2015 మార్చిలో విడుదలైంది. 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ టీకాల్లో చేరింది. మరుసటి ఏడాది తమిళనాడుకు వచ్చింది. ఆరు, పది, పద్నాలుగు వారాలకు అయిదేసి చుక్కలు, పైసా ఖర్చు లేకుండా. ఇక్కడ కూర్చున్న తల్లుల్లో చాలామంది బిడ్డలకు వేయించే ఉంటారు.

అయితే ఈ కథలోనూ ప్రశ్నలున్నాయి. వేరే టీకాలు లైసెన్సు పొంది ఉండగా కొంతమంది పిల్లలకు ఉత్తి చుక్కలు వేసి పోల్చడం న్యాయమేనా అని అడిగారు. పేగులో పేగు దూరే ప్రమాదం గురించి వేలూరు లెక్కలు విడిగా బయటపెట్టమని ప్రజారోగ్య కార్యకర్తలు అడిగారు. అది కోర్టుల దాకా వెళ్ళింది. అడిగినవాళ్ళు టీకాకు శత్రువులు కారు. లెక్క అడిగేవాడిని శత్రువుగా చూసే సంస్థ, అది మంచి పనే చేస్తున్నా, గృహనిర్వాహకుడి సంగతి మరిచిపోయినట్టే. యజమాని లెక్క అడుగుతాడు. బిడ్డల విషయంలో యజమాని ఆ బిడ్డల తల్లి.

మూడో సంగతి చెప్పడానికి నాకు కష్టంగా ఉంది. 2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, పదేళ్ళ నుండి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా టీకా వేయడం మొదలైంది. పాత్, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన కార్యక్రమం. సుమారు 14 వేల మంది పిల్లలు. గుజరాత్‌లోని వడోదరలో మరో పది వేల మంది. ఖమ్మం పిల్లల్లో చాలామంది ఆదివాసీలు, ఆశ్రమ పాఠశాలల్లో ఉండి చదువుకునేవాళ్ళు. 2010 మార్చిలో సమ అనే మహిళా ఆరోగ్య బృందం అక్కడికి వెళ్ళి చూసింది. పిల్లలకు ఏ టీకా వేస్తున్నారో తెలియదు. చాలా ఇళ్ళలో తల్లిదండ్రులకు అసలు తెలియదు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారన్న వార్తతో ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని నిలిపివేసింది. ఆ మరణాలు టీకా వల్ల కాకపోవచ్చని విచారణ సంఘం చెప్పింది. దాన్ని మనం నిజాయితీగా ఒప్పుకోవాలి. ఆ టీకా మంచిది, లోకమంతా వాడుతోంది, మన ఆడపిల్లలకు కావాలి.

కాని 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అనుమతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. పాత్ ఆ నివేదికలోని ఆరోపణలను ఒప్పుకోలేదు, నియమాల ప్రకారమే చేశామంది. నాకు మాత్రం ఆ 2,763 అన్న అంకె దగ్గర కళ్ళు ఆగిపోయాయి.

ఎందుకంటే నేనూ అలా సంతకం పెట్టినవాణ్ణే. మా హాస్టలుకు ఒక వైద్య శిబిరం వచ్చింది. ఏ సంస్థ అన్నది ఇక్కడ అనవసరం. మంచివాళ్ళే. కాగితాల కట్ట నా ముందు పెట్టారు. పిల్లల ఊళ్ళు దూరం, తల్లిదండ్రులు కూలికి వెళ్ళారు, చదువు రాదు, పని ఆగిపోతుంది అన్నారు. నిజమే కదా అనిపించింది. ఒక్క గంటలో అన్నీ సంతకాలు చేశాను. ఎవరికీ ఏమీ కాలేదు, దేవునికి స్తోత్రం. మరుసటి నెల ఒక తల్లి వచ్చింది. కోపంగా కూడా అడగలేదు. “నా బిడ్డకు రక్తం తీసినారంట గదా సార్, ఎందుకు? నాకొక మాట చెప్పి పంపితే నేను రానా?” అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమెకు చదువు రాదని నేననుకున్నాను. ఆమెకు బిడ్డ ఉందన్నది మరిచిపోయాను.

మార్కు సువార్త పదో అధ్యాయం మీకు తెలుసు. చిన్నపిల్లలను తీసుకొస్తే శిష్యులు అడ్డుపడతారు, ప్రభువు కోపపడతాడు. ఆ అధ్యాయంలోనే యాకోబు, యోహాను కుడివైపు, ఎడమవైపు కుర్చీలు అడుగుతారు. చివర్లో యెరికో దారిన గుడ్డివాడైన బర్తిమయి కేకలు వేస్తాడు. గుడ్డివాడికి ఏం కావాలో చూస్తేనే తెలుస్తుంది. అయినా ప్రభువు అడుగుతాడు, నేను నీకేం చేయాలని కోరుతున్నావని. చేయగల శక్తి పూర్తిగా ఉన్నవాడు ఆగి అడిగాడు. పిల్లలకు అడ్డుపడినవాళ్ళూ, కుర్చీలు అడిగినవాళ్ళూ ఆయన పక్కనే ఉన్న శిష్యులు. చెడ్డవాళ్ళు కారు, సంస్థ నడుపుతున్నామనుకున్నవాళ్ళు. సేవ చేస్తున్నాం కాబట్టి అడగనక్కరలేదనుకోవడం మన జబ్బు.

కాబట్టి సంస్థ సియాటిల్‌లో ఉన్నా సత్రంలో ఉన్నా నాయకుడికి రెండు పరీక్షలు. చివరి బిడ్డను మొదట లెక్కపెట్టాడా? ఆ బిడ్డ తల్లిని నిజంగా అడిగాడా? మొదటిదానిలో నెగ్గిన సంస్థే రెండోదానిలో ఎంత మాట పడిందో ఖమ్మంలో చూశాం. ఒకటి ఉంటే రెండోది దానంతటదే రాదు.

మన పనికి వద్దాం. మన సంఘాలకు హాస్టళ్ళున్నాయి, శిబిరాలున్నాయి, ట్రస్టులున్నాయి. ఈ ప్రాంతం 1960 దాకా చిత్తూరు జిల్లా. ఇళ్ళలో తెలుగు మాట్లాడతాం, బళ్ళో తమిళం చదివాం, ఆసుపత్రి కాగితం ఇంగ్లీషులో వస్తుంది. మన మధ్య ఉన్న ఇరుళర్ కుటుంబాల సంగతి ఇంకా కష్టం. కాగితం చదివి వినిపించకుండా వేలిముద్ర వేయిస్తే అది అనుమతి కాదు, సిరా మరక. పిల్ల ఇంటి మాటలో చెప్పండి. వద్దనే హక్కు ఉందని చెప్పండి. వద్దన్న తల్లి బిడ్డకు అన్నంలో, సీటులో, స్కాలర్‌షిప్‌లో ఏ తేడా రాదని చెప్పి నిలబెట్టుకోండి. ఆ పిల్లకు కూడా ఒక మాట చెప్పండి, పదేళ్ళ పిల్లకు అర్థమవుతుంది. ట్రస్టు కమిటీల్లో డాక్టర్లు, పాస్టర్లు, దాతలు ఉంటారు. అక్కడ ఒక కుర్చీ ఆ తల్లుల్లో ఒకరికి ఇవ్వండి. కుడివైపో ఎడమవైపో మీరే చూడండి.

టీకాలు వేయించండి. భయపడి మానొద్దు. మానితే చనిపోయేదీ మన పిల్లలే. అడగడం ఆలస్యం అనుకోవద్దు. అడిగి చేసిన పని ఊరు మోస్తుంది. అడగకుండా చేసిన పనిని ఒక్క పుకారు కూల్చేస్తుంది.

ఆ తల్లి మళ్ళీ నాకు కనబడలేదు. కనబడితే క్షమించమని అడగాలి. అంతవరకు ఇలా నలుగురి ముందు చెప్పుకోవడమే నేను చేయగలిగింది. దేవుడు మన చేతులకు సంతకం పెట్టే అధికారం ఇస్తే, ముందు ఆగి అడిగే మనసు కూడా ఇవ్వాలని ప్రార్థిద్దాం.