కమలిని పన్నిన కథ

 

పట్టభద్రులైన మీలో కథలు రాసేవాళ్లున్నారు. మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్లు ఇంకా ఎక్కువమంది ఉంటారు. ఈ మాటలు ముఖ్యంగా వాళ్ల కోసం. జరిగినదంతా జరిగిన వరసలోనే చెప్పబోవడం వల్ల చాలా కథలు నడుమనే చతికిలబడతాయి.

1910లో అచ్చయిన గురజాడ అప్పారావు గారి ‘దిద్దుబాటు’ కథ మీరు పాఠంగా చదివే ఉంటారు. ఈసారి రాయబోయేవాళ్లలా చదవండి. గోపాలరావు సానుల పాటకు మరిగాడు, రాత్రుళ్లు పొద్దుపోయి ఇల్లు చేరుతున్నాడు. భార్య కమలిని విసిగింది. నౌకరు రాముడితో కూడబలుక్కుంది, పుట్టింటికి పోతున్నానని ఉత్తరం రాసింది, మంచం కింద దాక్కుంది. జరిగిన వరస ఇది. గురజాడ ఇదంతా మన కంటపడకుండా దాచి, రాత్రి ఒంటిగంటకు మొగుడు గుమ్మం ముందు నిలబడ్డ చోట కథ ఎత్తుకున్నారు. ఇల్లు ఖాళీ. భార్య ఏమైంది? ఆ ఒక్క ప్రశ్న మీద కథంతా నడుస్తుంది. గోపాలరావు రాముణ్ణి నిలదీస్తాడు, ఉత్తరం దొరుకుతుంది, తర్వాత బతిమాలుకుంటాడు, తప్పు ఒప్పుకుంటాడు. అప్పుడు మంచం కింద నుంచి నవ్వు, గాజుల చప్పుడు. రెండోసారి చదివితే రాముడి ప్రతి జవాబూ కొత్తగా వినిపిస్తుంది. ముగింపు ముందే తెలిసిన రచయిత మాత్రమే అలాంటి జవాబులు రాయగలడు.

ఇలాంటి అల్లికకు పాత నమూనాలున్నాయి. భరతుడి నాట్యశాస్త్రం ఇతివృత్తానికి ఐదు సంధులు, అంటే ఐదు భాగాలు, చెప్పింది: ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం. ముఖంలో బీజం పడుతుంది. నడిమి సంధుల్లో అది కనబడుతూ మరుగవుతూ, అందినట్టే అంది చేజారుతూ, ఆటంకాలకు ఎదురీదుతుంది. నిర్వహణంలో అన్నీ ఒక్కచోటికి చేరతాయి. 1863లో జర్మన్ రచయిత గుస్తావ్ ఫ్రైటాగ్ నాటకం నడకను ఎక్కి దిగే శిఖరంలా గీసి చూపించాడు. అదీ పనికొస్తుంది. నాకు మాత్రం సంధుల మీదే మక్కువ. కథ ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ దించాలో ఆ శిఖరం చెబుతుంది. ఏ బీజాన్ని చివరిదాకా మోయాలో సంధులు అడుగుతాయి.

అందుకే రాసేముందు ఒక కాగితం మీద రెండు వరసలు గీయండి. ఎడమవైపు, ఏది ఎప్పుడు జరిగిందో. కుడివైపు, పాఠకుడికి ఏది ఎప్పుడు తెలుస్తుందో. రెండూ ఒకేలా ఉంటే ఇంకా ఆలోచించాలి.

ఇలా ప్రణాళిక వేస్తే పాత్రలకు ఊపిరాడదంటారు కొందరు. నేను ఒప్పుకోను. 1957 నాటి ‘మాయాబజార్’ సినిమా చూడండి. గురజాడ రహస్యాన్ని పాఠకుడి నుంచి దాచారు, దర్శకుడు కె.వి. రెడ్డి గారు ప్రేక్షకుడి చేతికే ఇచ్చేశారు. పెళ్లికూతురి వేషంలో ఉన్నది ఘటోత్కచుడని మనకు తెలుసు, కౌరవులకు తెలియదు. ఆ తెలియనితనమంతా ముందే అమర్చిపెట్టారు గనకే, ఆ వేషం కట్టిన సావిత్రి గారు ఒక క్షణం పెళ్లికూతురి సిగ్గు, మరుక్షణం రాక్షసుడి ఠీవి చూపిస్తూ అంత స్వేచ్ఛగా ఆడగలిగారు.