షార్కో: ఒక ఇంటిపేరు, రెండు వ్యాధులు



ఇంటిపేరు విలువ మనకు వేరే చెప్పనక్కరలేదు. మారిషస్ చేరిన మన పూర్వుల ఇంటిపేర్లు చాలావరకు వలస కాగితాలలో నిలువలేదు. ముత్తాతగారి పేరే అనేక కుటుంబాలకు ఇంటిపేరయింది. ఈనాడు మేము ముచ్చటించదలచినది ఒక ఫ్రెంచి ఇంటిపేరు. అది వైద్యుల కాగితంలో కనిపిస్తే కుటుంబమంతా బెదిరిపోతుంది. ఆ పేరు షార్కో.

జాన్ మార్టిన్ షార్కో 1825లో పారిస్ నగరంలో బండ్లు తయారుచేసే వారింట జన్మించారు. 1862 నుండి సాల్పేత్రియేర్ ఆసుపత్రిలో వైద్యులుగా ఉన్నారు. రోగి బ్రతికుండగా చూసిన లక్షణాలను, మరణానంతరం వెన్నుపాములో కనిపించిన మార్పులతో పోల్చిచూడడం వారి పద్ధతి. ఆ విధంగా 1869లో జోఫ్రువా అనే వైద్యునితో కలిసి ఒక వ్యాధిని వివరించారు. కండరాలను కదిలించే నరాల కణాలు అందులో క్రమంగా నశిస్తాయి. చేతులు, కాళ్లు, మాట, మింగే శక్తి, చివరకు శ్వాస కూడా దెబ్బతింటాయి. ఫ్రెంచివారు షార్కో వ్యాధి అనేది దీనినే. నయంచేసే మందు ఇంకా రాలేదు. అయితే పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి ఇది వంశంలో లేకుండానే వస్తుంది.

1886లో షార్కోగారు, శిష్యుడు పియేర్ మరీ కలిసి మరొక వ్యాధిని వర్ణించారు. అదే ఏట ఇంగ్లండులో టూత్ అనే వైద్యుడు కూడా వర్ణించాడు. అందుచేత దానికి షార్కో–మరీ–టూత్ అని పేరు. ఇది వంశపారంపర్యమైనది. పాదాలలో, పిక్కలలో బలం తగ్గుతుంది గాని, సాధారణంగా ఆయుష్షు తగ్గదు.

పేరు కలిసినందువలన ఒకదానిని మరొకటిగా భావించే ప్రమాదమున్నది. కాలు తడబడే బిడ్డను చూసి ప్రాణాలమీద ఆశ వదులుకోవడం, తండ్రికి జబ్బు చేసిందని కూతురికి వచ్చిన సంబంధం తప్పించడం రెండూ అన్యాయమే. ఏ షార్కో అని వైద్యుని అడగండి. వంశంలో ఇతరులకు ఉన్నదేమో దాచక చెప్పండి.

షార్కోగారు 1893లో గతించారు. కుమారుడు జాన్ బాప్టిస్ట్ కూడా వైద్యుడే, కాని సముద్రయానం చేపట్టాడు. 1910లో అంటార్కిటికా దగ్గర కనుగొన్న భూమికి తండ్రి పేరు పెట్టాడు. 1936లో ఐస్‌లాండ్ తీరాన ఓడ మునిగి మరణించాడు.

వ్యాధికి వైద్యుని పేరు ఉండనీయండి. మంచంమీద ఉన్న మన మామయ్యను మాత్రం మామయ్యా అనే పిలుద్దాం, పక్కన కూర్చుని మాట్లాడదాం.