ముల్లరు: ఒక జర్మను ఇంటిపేరు
(రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)

 

వేదవిద్యయందు ఆదరము గల తెలుగువారికి మాక్సుముల్లరు పేరు క్రొత్తది కాదు. ఆయన 1823 డిసెంబరు 6వ తేదీన జర్మను దేశములోని దెస్సౌ పట్టణమున జన్మించెను. పిదప ఇంగ్లండు చేరి, ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, 1900లో అచటనే కాలధర్మము నొందెను. సాయణభాష్యముతో కూడిన ఋగ్వేదమును 1849 మొదలు 1874 వరకు ఆరు సంపుటములుగా అచ్చు వేయించిన మహానుభావుడాయన. సాయణాచార్యులు విజయనగరమున బుక్కరాయల కొలువులో మంత్రి. ఆదవాని దుర్గము ఆ రాజ్యపు ముఖ్యమైన కోటలలో నొకటి. అనగా ఈ సీమ నేలిన ప్రభువుల యండన వెలసిన భాష్యము, సుమారు ఐదువందల యేండ్లకు ఒక జర్మను పండితుని చేత అచ్చుకెక్కినదన్నమాట.

ఆ గ్రంథముపై సంస్కృతమున తన పేరు వ్రాసికొనవలసి వచ్చినపుడు ఆయన జర్మనీని శర్మణ్యదేశమనియు, ఆక్సుఫర్డును గోతీర్థమనియు, తన్ను మోక్షమూలరభట్టనియు పేర్కొనెను. మోక్షమూలరుడన్న మాట వినగానే మోక్షమునకు మూలమైనవాడను భావము మనసున మెదలును. చెవికి ఇంపైన భావమే. అయితే ముల్లరు అను మాటకు మోక్షముతో నెట్టి సంబంధమును లేదు. దాని యర్థము చాల సామాన్యమైనది. ముల్లరనగా పిండి విసరువాడు, ధాన్యము మరపట్టువాడు.

ఈ పేరు వంశవృక్షము స్పష్టముగా తెలియుచున్నది. లాటిను భాషలో మొలీనా యనగా ధాన్యము విసరు యంత్రము. మొలినారియుసు అనగా ఆ యంత్రమును నడుపువాడు. రోమనులు ఏటి నీటితో తిరుగు మరలను ఉత్తర దేశములకు కొనిపోయినపుడు, వస్తువుతోపాటు దాని పేరును వెంట పోయినది. ప్రాచీన జర్మనులు దానిని ములినారి యనిరి, నడిమి కాలపువారు ముల్నెరె యనిరి, తుదకది ముల్లరైనది. ఉత్తర జర్మనీలో మొల్లరు, దక్షిణమున మిల్లరు అను రూపములు గూడ కలవు. అమెరికాకు వలసపోయిన ముల్లరులు అనేకులు అక్కడ మిల్లరులైరి. ఆ మొలీనాయే ఇంగ్లీషున మిల్లు అయినది. ఆదోనిలో ప్రత్తి మిల్లనియు, నూనె మిల్లనియు, పిండి మిల్లనియు జనులు దినమునకు పదిమార్లు పలుకు మాట, ఈ ముల్లరను మాటకు తోబుట్టువు.

ఇక్కడ నొక హెచ్చరిక యవసరము. విసరుటను తెలుపు ప్రాచీన ధాతువు నొకదానిని గూర్చి మాక్సుముల్లరే 1863లో లండనున ఉపన్యసించి, దానిని "మర్" అను రూపముతో చూపి, దానికి చాల పెద్ద సంతానమును కట్టబెట్టెను. ఆ సంతానములో కొన్నిటిని నేటి భాషావేత్తలు అంగీకరింపరు. చావును తెలుపు ధాతువు వేరు, విసరుటను తెలుపు ధాతువు వేరు అని వారు విడదీసిరి. అంతటి పండితుడే చప్పుడు పోలికచేత కొంత దూరము ఎక్కువగా నడిచినపుడు, తెలుగు "మర"కును ఆ "మర్"కును చుట్టరికము గలుపబోవుట సామాన్యులకు తగదు. శబ్దసామ్యము సాక్ష్యము కాజాలదు.

జర్మనీలోను, స్విట్జర్లండులోను అన్ని ఇంటిపేర్లకంటె ఎక్కువమంది వహించునది ముల్లరే. దీనికి కారణమేమి? పేరు పుట్టు విధము తెలిసినచో కారణము దానంతట తెలియును. ఉరుకుంద ఈరన్నస్వామి మీది భక్తిచేత ఈ సీమలో ఈరన్నలు లెక్కకు మించియుందురు. ఒకే వీధిలో నలుగురు ఈరన్నలున్నచో జనులేమి చేయుదురు? ఒకనిని చేయు పనిని బట్టియు, ఒకనిని తండ్రి పేరును బట్టియు, ఒకనిని వచ్చిన ఊరిని బట్టియు, ఒకనిని రూపమును బట్టియు గుర్తింతురు. జర్మనులును ఇట్లే చేసిరి. సుమారు పండ్రెండవ శతాబ్దము మొదలుకొని వారి పట్టణములు పెరిగి, యోహానులును హైన్రిఖులును ఎక్కువై, వ్రాతకోతలకు ఒంటిపేరు చాలకపోయెను. అప్పుడు కమ్మరి ష్మిత్తు అయ్యెను, దర్జీ ష్నైడరయ్యెను, సాలె వేబరయ్యెను, బండ్లు చేయువాడు వాగ్నరయ్యెను. పొట్టివాడు క్లైను, నల్లనివాడు ష్వార్జు. పీటరు కొడుకు పీటర్సెను. అడెనౌ అను ఊరినుండి వచ్చినవాడు అడెనౌవరు. 1949 మొదలు 1963 వరకు పశ్చిమ జర్మనీకి ప్రధానిగానున్న అడెనౌవరు ఇంటిపేరు ఇట్టిదే.

పేరు వేరుపరచుటకే పుట్టును. ఆదోనిలో నున్నవానిని ఆదవానివాడని యెవరును అనరు. ఆ ఊరు విడిచి పరస్థలమున కాపురము పెట్టినపుడే అచటివారు ఆదవానివారందురు. ఊరంతయు మగ్గములున్నచోట సాలెవాడను గుర్తు చాలదు. జర్మను పల్లెలలో ధాన్యము విసరువాడు సాధారణముగా ఒక్కడే. మర కట్టుటకు ఏరు కావలెను, పెట్టుబడి కావలెను, ప్రభువు అనుమతి కావలెను. చాల చోట్ల రైతులు ఫలానా మరలోనే ధాన్యము విసరించుకొనవలెనని ప్రభువులు నిర్బంధించిరి. కావున పల్లె పల్లెకు మర యొకటి, మరకొక ముల్లరు. ఒకరి నొకరెరుగని వేల పల్లెలలో ఒకే పేరు వేరువేరుగా పుట్టినది. అందుచేత ముల్లరులందరును ఒక తాత సంతతివారు కారు. మన దేశమున ఒకే కులములో ఇంటిపేరు కలసినచో వియ్యమందుటకు పెద్దలు సందేహింతురు. అచట ముల్లరు వరుడు ముల్లరు వధువును పెండ్లాడుట వింత కాదు.

మరి తెలుగునాట పిండి విసరువాడను ఇంటిపేరు అంతగా వ్యాపింపకపోవుటకు హేతువేమి? ఇచట ప్రతి ఇంటను తిరుగలి యుండెను. తెల్లవారుజామున లేచి, పాట పాడుచు, జొన్నలు విసరినది ఇల్లాండ్రు. ఇంటింట జరుగు పనికి ప్రత్యేకమైన పేరు రాదు. ఆడువారు కూలి లేక చేయు పనికి పేరు రావడము మరియు నరుదు. గానుగ అట్లు గాదు. అది ఊరికి ఒకటియో రెండో యుండును గనుక గాండ్లవారను పేరు నిలిచినది. ఇట్లు ఒక దేశమున మిక్కిలి సాధారణమైన ఇంటిపేరు మరియొక దేశమున లేకుండుటకు కారణము ఆ రెండు దేశముల పిండి విసరు పద్ధతిలోనే యున్నది.

వృత్తి పోయినను పేరు పోదు. మాక్సుముల్లరు తాత పిండి విసరలేదు, ఆయన దర్జీ. తండ్రి విల్హెల్ము ముల్లరు కవి. ఆ కవి తన ఇంటిపేరును మరువక, మర నడుపువాని కూతురును గూర్చి గీతమాలిక రచింపగా, షూబర్టు అను సంగీతవిద్వాంసుడు 1823లో దానికి స్వరరచన చేసెను. మాక్సుముల్లరు పుట్టినది ఆ యేటనే. ముల్లరులు మరీ ఎక్కువగుటచే, తన్ను గుర్తించుటకు ఒట్టి ముల్లరు చాలదని ఆయన మాక్సు అను పేరును గూడ ఇంటిపేరులో చేర్చుకొనెను. ఆ మాక్సు అను పేరు వేబరను సంగీతకర్త కూర్చిన యొక నాటకములోని నాయకునిది. వేబరనగా నేతగాడని ఇంతకుముందే చెప్పబడినది.

ఎమ్మిగనూరు వంటి నేతపట్టణమునకు సమీపమున నున్నవారు వేబరను పేరును గూడ ఆదరముతో వినవలెను. మాచాని సోమప్పగారి చొరవతో 1938లో ఎమ్మిగనూరున ఏర్పడిన చేనేత సహకార సంఘము మగ్గమునకు ఎంతటి గౌరవము తెచ్చినదో ఈ సీమవారికి చెప్పనక్కరలేదు. అచట మాక్సుముల్లరు ఋగ్వేదమును ముద్రించుచున్న కాలముననే, బెర్లినున ఆల్బ్రెఖ్టు వేబరు అను పండితుడు శుక్లయజుర్వేదమును పరిష్కరించి ప్రకటించెను. బెర్లినులోని సంస్కృత వ్రాతప్రతులకు పట్టిక కూర్చెను. కాళిదాసుని శాకుంతలమును మెచ్చిన గోథే మహాకవి తల్లి పుట్టినింటి పేరు టెక్స్టరు. అది వేబరను మాటకు లాటిను అనువాదము. వారి పూర్వుడొకడు, నాటి విద్వాంసుల యాచారమును బట్టి, నేతగాడను పేరును లాటినులోనికి మార్చుకొనెను. ముల్లరులలో కొందరు అట్లే మొలిటరులైరి. పేరు పండితభాషలోనికి మారినను అర్థము మాత్రము మారలేదు. మరవాడు మరవాడే, నేతగాడు నేతగాడే.

ఇంత వ్యాప్తిగల ఈ పేరుకు ఒకప్పుడు గౌరవము లేదని తెలిసినచో ఆశ్చర్యము కలుగును. మర నడుపువాడు కూలిగా ధాన్యములో భాగము తీసికొనెడివాడు, ఇచట ఆయగాండ్రకు కళ్లమున గింజలు కొలిచినట్లు. కొలతలో మోసము చేయునని జనులు వానిని శంకించిరి. జర్మనీలో పెక్కుచోట్ల మరవానిని, నారబట్ట నేయువానిని, గొఱ్ఱెల కాపరిని, క్షురకుని మర్యాద లేని వృత్తులవారిగా నెంచి, వారి కొడుకులను ఇతర వృత్తిసంఘములలో చేర్చుకొనరైరి. ఇట్టివారిని వెలివేయరాదని 1548లో ఒక రాజశాసనము వెలువడెను. చాలక 1577లో మరల వెలువడెను. 1731లో మరియొకటి కావలసివచ్చెను. ఒకే మాటను మూడుమార్లు శాసింపవలసి వచ్చిననగా, వ్రాతలో పోయిన నీచభావము మనసులో ఎంతకాలము నిలుచునో ఊహింపవచ్చును. అట్టి మరవాని పేరే నేడు ఆ దేశమున అన్నిటికంటె విరివిగా నున్నది. వేబరు దానికి చాల వెనుక లేదు. ఆ పేర్లు వహించువారిలో సిగ్గుపడువారు లేరు.

ఈ కథ మన పల్లెలకు అక్కరకు వచ్చునది ఇచటనే. ఆదోని తాలూకా 1953 వరకు బళ్లారి జిల్లాలో నుండి, ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు కర్నూలు జిల్లాలో చేరినది. తెలుగు కన్నడములు కలసిన ఈ సీమలో వ్యవహారమున ఇంటిపేరు వాడుక కోస్తా జిల్లాలకంటె తక్కువ. అందుచేత పట్టాలలోను, బడి పుస్తకములలోను, ఓటర్ల జాబితాలలోను ఇంటిపేరుండవలసిన తావున బోయ, కురువ, ఈడిగ, చాకలి, మాదిగ అని కులముపేరు వ్రాయుట పరిపాటియైనది. 1984లో కరణముల ఉద్యోగములు రద్దయినవి గాని, వారి లెక్కలలోని ఈ వ్రాత నేటికిని అనేకుల పేర్లకు అంటియున్నది.

ముల్లరు అను పేరునకును ఈ వ్రాతకును భేదము గమనింపదగినది. ముల్లరు అనునది ఒక కుటుంబపు గుర్తు. దానిని ధరించినవాడు దర్జీ కావచ్చును, కవి కావచ్చును, వేదపండితుడు కావచ్చును. కులముపేరు అట్లు గాదు. అది ఊరిలో నూరు కుటుంబములకు ఒకే ముద్ర వేయును. అది ఇంటిపేరు చేయవలసిన పనిని చేయదు, చేయరాని పనిని చేయును. 1950 జనవరి 26 నుండి అస్పృశ్యత రాజ్యాంగముచే నిషిద్ధము. శాసనము ఒక్కటే చాలదని జర్మనీ చరిత్ర చెప్పుచున్నది.

ఆ కుటుంబములకు ఇంటిపేర్లు లేకపోలేదు. పెండ్లి సంబంధము చూచునపుడు పెద్దలు అడుగునది అదియే. కొందరు దానిని బెడగు అందురు. కాగితమున లేనిది ముసలమ్మల నోట నున్నది. ఆ తరము గడచినచో అడిగి తెలిసికొనుటకు ఎవరును మిగులరు. ఇంటిపేర్లు వ్రాతలో గల కుటుంబములలో సైతము అది ఒక్క అక్షరముగా కుదించుకొనిపోయినది. ఆ అక్షరము దేనికి గుర్తో చెప్పలేని పిల్లలు బడులలో పెక్కురు కలరు. తమ ఇంటిపేరు మోటగానున్నదని దాచువారును కలరు. గానుగ, గొడ్డలి, గొఱ్ఱె, మగ్గము ఏ పేరులో నున్నను, అది పూర్వులు కష్టించి బ్రతికిన గుర్తే గాని మచ్చ కాదు.

కావున ఈ గ్రంథాలయమున ఒక దళసరి పుస్తకము కుట్టించి యుంచుట మంచిది. ప్రతి కుటుంబమును, ఏ వాడదైనను, తన ఇంటిపేరును తానే చెప్పి వ్రాయింపవలెను. పూర్వులు ఏ ఊరినుండి వచ్చిరో, ఏ పని చేసిరో, చెప్పినవారెవరో పక్కన వ్రాయవలెను. పుట్టినింటి పేరును ఆడువారు వేరుగా వ్రాయింపవలెను. పేరునకు అర్థము తెలిసినచో వ్రాయవచ్చును. తెలియనిచో ఆ గడి ఖాళీగా విడువవలెను. చెవికి ఇంపుగా నున్నదని కల్పించిన యర్థము ఆ పుస్తకములో చేరరాదు.

రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఆ పుస్తకమున ఈ ఊరి ఇండ్లన్నియు ఎక్కియుండుగాక!